నిండనివ్వని సీసా

పోయినవారం మనం దర్జీని కత్తిరింపు బల్ల దగ్గర నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. పాపం, అతను ఇంకా అక్కడే ఉన్నాడు. పొద్దు వాలుతోంది. బల్లమీద ప్లీడరుగారి నల్లకోటు పరచి ఉంది. మధ్యాహ్నానికే కుట్టు పూర్తయి, ఇస్త్రీ కూడా అయిన కోటు. పొద్దున్నే ఆయన వచ్చి తొడుక్కుని అటునుంచి అటే కోర్టుకి వెళ్ళాలి. ఇప్పుడు దానికి ఒక్క బొత్తాం కూడా లేదు. ముందు వరసా లేదు, చేతుల దగ్గరి చిన్నవీ లేవు. ఈకలు పీకిన కాకిలా పడి ఉంది.

బల్లకింద గుడ్డముక్కల గుట్టలో అతని కూతురు కూర్చుని ఉంది. చేతిలో దారాలు తెంపే చిన్న కత్తెర. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. చేతిలో చెక్క స్కేలు. ఆవిడ వెనక, గోడవార, పాప బట్టలు సర్దిన సంచి.

ఆ సంచి కథ మీకు గుర్తుండే ఉంటుంది. ఈ ఇంటి ఇల్లాలు పోయి ఏడాది తిరగలేదు. మొగుడు కుడితే ఆవిడ కాజాలు తీసి బొత్తాలు కుట్టేది. ఆసుపత్రికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఆ రోజుల్లో పాపను పక్కింటివాళ్ళు ఉంచుకున్నారు. దాన్ని అందరూ చీమ అంటారు. చప్పుడు లేకుండా ఎక్కడికైనా చేరిపోయి ఏదో ఒకటి మోసుకొస్తుందని తల్లి పెట్టిన ముద్దుపేరు. కూతురు పోయాక మనవరాలిని చూసుకోవడానికి ఈ అత్తగారు, అంటే చీమ అమ్మమ్మ, వచ్చింది. మొక్కై వంగనిది మానై వంగదన్నది ఆవిడ నమ్మకం. దర్జీకేమో బిడ్డ మీద చెయ్యెత్తడం చేతకాదు. అందుకని కిటికీలో ఒక గాజు సీసా పెట్టాడు. చెప్పులు జతగా పెట్టినా, పడేసిన బొమ్మలు తనే ఏరుకున్నా, చీమ ఏ మంచి పని చేసినా అందులో ఒక బొత్తాం వేస్తాడు. అల్లరి చేస్తే ఆ రోజుకి వెయ్యడు. సీసా నిండితే బహుమానం.

ఒకసారి నిండింది కూడా. చెక్కగుర్రం తెచ్చిచ్చాడు. చీమ దాన్ని ముట్టుకోలేదు. వాకిట్లో కూర్చుని, ఎవరు పిలిచినా లోపలికి రాకుండా, కళ్ళు వాచేలా ఏడ్చింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. అప్పట్నుంచీ సీసా మళ్ళీ నిండలేదు. ఇక నిండబోతోందనగా ఏదో ఒక అల్లరి జరిగేది. పాలగిన్నె బోర్లాపడేది, లేకపోతే పక్కింటి పూలకుండీ పగిలేది. అత్తగారికి విసుగొచ్చింది. "దీన్ని మా ఇంటికి తీసుకుపోతా, నాలుగు తగిలించి దారిలో పెడతా" అంది. దర్జీ కాళ్ళావేళ్ళా పడి ఆపి, చివరికి, ఇంకొక్క అల్లరి జరిగితే తీసుకుపొమ్మని ఒప్పుకున్నాడు.

ఆ ఇంకొక్కటి ఇవాళ బల్లమీద పరచి ఉంది.

"చూశావా అల్లుడూ, నీ బొత్తాల బడి చదువు?" అంది అత్తగారు. "మంచికో బొత్తాం, మర్యాదకో బొత్తాం. పాఠం బాగానే ఒంటబట్టింది. సీసా నింపుకోవడానికి దొంగతనం నేర్చింది."

నిజానికి దర్జీకీ మొదట ఆ అనుమానమే వచ్చింది.

"బయటికి రావే. చెయ్యి చాపు."

చీమ బల్లకింద నుంచి పాక్కుంటూ వచ్చింది. కత్తెరని మొన కిందికి పెట్టి బల్లమీద జాగ్రత్తగా ఉంచింది. చెయ్యి చాపింది. ఏడవలేదు, పారిపోలేదు, నాన్న కాళ్ళ వెనక దాక్కోలేదు. నీళ్ళకోసం గ్లాసు చాపినట్టు చాపి, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది. దర్జీ ఇద్దరి మధ్యకీ వచ్చాడు.

"ఆగండి అత్తయ్యా."

"ఇంకా ఆగేదేముంది? అనుకున్నమాట అనుకున్నట్టు కానియ్. పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరతాం. ఈ ఒక్క దెబ్బా ఇక్కడే అంటించి మరీ తీసుకుపోతా. లేకపోతే దారంతా నా నెత్తిమీద గంతులేస్తుంది."

"ముడతపడ్డ గుడ్డని కొడితే సాపవుతుందా, చెప్పండి. తడిపి, ఇస్త్రీ చెయ్యాలి."

"ఇస్త్రీపెట్టె మాత్రం చల్లగా ఉంటుందా ఏం?"

"ఉండదు. అందుకే గుడ్డ ఎలాంటిదో ముందు చేత్తో పట్టుకు చూస్తాం."

"మాటలు బాగా కుడతావు నాయనా," అంది అత్తగారు. "ప్లీడరుగారు రేపు కోటు విప్పుకునే వాదిస్తారేమో, ఆయనకి చెప్పు ఈ మాటలు." అయినా స్కేలు దించింది. ఆవిడకి మోకాళ్ళ నెప్పులు. ఎక్కువసేపు నిలబడలేదు. గుమ్మం పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

దర్జీ దీపం వేసి కోటుని దాని కిందికి జరిపాడు. ఒక్కొక్క బొత్తాం ఉండిన చోటా వేలితో తడిమాడు. తడిమేకొద్దీ అతని మొహం మారింది. గుడ్డ ఎక్కడా చిరగలేదు. ఒక్క పోగైనా లేవలేదు. కోపంతో చేసిన పని అయితే కత్తెర ఎక్కడ పడితే అక్కడ పడేది. ఇక్కడ బొత్తాం కింది దారం మాత్రమే తెగింది. గుడ్డకీ బొత్తానికీ మధ్య అట్టముక్క తోసి, దాని మీదుగా కోస్తే తప్ప అలా రాదు. ఈ కొట్లో అలా కోసే మనిషి ఒక్కతే ఉండేది.

అతను నేలమీద కూర్చున్నాడు. అప్పటికిగాని కూతురి కళ్ళు అతని కళ్ళకి ఎదురుగా రాలేదు.

"అట్టముక్క పెట్టి కోశావా?"

చీమ గౌను జేబులోంచి అట్టముక్క తీసి చూపించింది. అంచులు నలిగిపోయిన పాతది.

"ఎవరు నేర్పారు?"

"అమ్మ. అట్ట లేకపోతే గుడ్డకి నెప్పెడుతుందంది."

ఇంత దుఃఖంలోనూ దర్జీకి ఒక చిన్న ఊరట దొరికింది. ఆమె చెయ్యి పూర్తిగా పోలేదు. ఇదిగో, ఈ పిడికెడు చేతిలో ఇంకా ఉంది.

"గుడ్డ తెగకుండా చూసుకున్నావు. అది మంచి పని. కానీ కోటుకి బొత్తాలు తీసెయ్యడం తప్పు. పొద్దున ప్లీడరుగారు ఇది వేసుకోవాలి కదా. ఏం చేద్దాం?"

చీమ ఆలోచించింది. "మళ్ళీ కుట్టాలి."

"మరి నాకు సాయం కావాలి. సూదికి దారం నువ్వు ఎక్కించాలి. ఎన్నిసార్లు అయిపోతే అన్నిసార్లూ ఎక్కించాలి. సరేనా?"

"సరే."

"అదీ శిక్షేనా?" అంది స్టూలు మీంచి అత్తగారు. "పని పాడుచేసినవాళ్ళకి పనిచ్చి కూచోబెట్టడం. బాగుంది."

"పాడుచేసింది బాగుచెయ్యడం తెలియాలి కదా అత్తయ్యా. బొత్తాలు ఎక్కడున్నాయి తల్లీ?"

చీమ వేలు కిటికీలో సీసావైపు చూపిస్తుందని దర్జీ అనుకున్నాడు. చూపించలేదు. తలుపు వెనక్కి చూపించింది.

తలుపు వెనక మేకుకి అతని భార్య వానకోటు వేలాడుతోంది. ఆమె ఆసుపత్రికి వెళ్ళిన రోజున ఎక్కడ తగిలించిందో అక్కడే ఉంది. దాన్ని తీయడానికి వీల్లేదు. ఎందుకంటే తల్లి చనిపోయిందని చీమకి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. "ఆసుపత్రిలో ఉంది, నయం కాగానే వస్తుంది" అని మొదట అన్నది అమ్మమ్మ. పక్కన నిలబడి తలూపినది నాన్న. వస్తుందన్న మనిషి వానకోటు ఎలా తీసేస్తారు?

దర్జీ ఆ వానకోటు జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి నిండిపోయింది. తెచ్చి బల్లమీద పోశాడు. కోటు నల్లబొత్తాలు వాటిలో కొన్నే. మిగతావి ఎరుపు, పసుపు, ముత్యపు తెలుపు, చిన్నా పెద్దా, అన్నీ సీసాలోవి. అతను కిటికీ వైపు చూశాడు. పొద్దున మెడదాకా ఉన్న సీసా ఇప్పుడు సగానికి దిగిపోయింది.

అత్తగారు స్టూలు మీంచి లేచి వచ్చి చూసింది. "ఇదేమిటి? సీసాలో వెయ్యడం కాదా? తీస్తోందా?"

దర్జీ గొంతుదాకా వచ్చిన ప్రశ్నని మింగేశాడు. చేతులు పనిలో పడితే నోరు దానంతటదే తెరుచుకుంటుందని అతని భార్య అంటూ ఉండేది. కొట్టుకొచ్చినవాళ్ళ కష్టసుఖాలన్నీ ఆవిడకి అలాగే తెలిసేవి. అతను కోటుని ఒళ్ళో వేసుకున్నాడు. చీమ నాలుక కొంచెం బయటపెట్టి, ఒక కన్ను మూసి, సూదిలో దారం ఎక్కించింది. అతను మొదటి బొత్తాం కుట్టాడు. ఆమె రెండో దారం ఎక్కించింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"నాన్నా, సీసా నిండకూడదు."

"అలాగా?"

"నిండితే అమ్మ రావాలి కదా."

దర్జీ తలెత్తకుండా కుడుతూనే అడిగాడు. "అలా అని ఎవరన్నారు?"

చీమ అమ్మమ్మ వైపు చూసింది. "అమ్మమ్మ. మంచిగా ఉంటే అమ్మ తొందరగా వస్తుందంది. అల్లరి చేస్తే రాదంది. సీసా నిండితే మంచిగా ఉన్నట్టే కదా?"

"ఊఁ."

"అప్పుడు నిండింది. నేను వాకిట్లో కూచున్నా. చాలాసేపు కూచున్నా. అమ్మ రాలేదు." దారం ముడి వేళ్ళమధ్య నలిపింది. "గుర్రం వచ్చింది."

సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది.

"మళ్ళీ నిండిందనుకో, మళ్ళీ రాలేదనుకో," అంది చీమ, పెద్దవాళ్ళకి లెక్క విడమరిచి చెబుతున్నట్టు, "అప్పుడిక రాదు. నిండకపోతే ఇంకా రావచ్చు. అందుకని తీసేస్తున్నా. నువ్వు మళ్ళీ మళ్ళీ వేస్తున్నావు. అందుకని అల్లరి చేస్తున్నా."

ఒలికిన పాలు, పగిలిన కుండీ, బొత్తాలు లేని కోటు, అన్నీ దర్జీ కళ్ళముందు ఒక వరసలో నిలబడ్డాయి. ఇంతకాలం దాన్ని మొండితనం అనుకున్నారు. అది కాపలా. తల్లి వచ్చే దారి మూసుకుపోకుండా ఈ చిన్నది తనకి తోచినట్టు అడ్డుకాలు పెట్టి నిలబడింది. అలా నిలబడ్డందుకు దెబ్బలు కూడా తిన్నది.

"చిన్నపిల్లల మాటలు," అంది అత్తగారు. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు. "నేనేదో దాని మంచికే అన్నాను. తిండి ముట్టేది కాదు. ఆ మాట అంటే నోరు తెరిచేది. నాకు మాత్రం ఇంకేం దారుంది నాయనా?"

"మిమ్మల్ని అనడం లేదు అత్తయ్యా. మీరు అంటుంటే నేను విన్నాను. ఊరుకున్నాను. ఇవాళ చెప్పేస్తాను."

"వద్దు." ఆవిడ అతని భుజం పట్టుకుంది. "వద్దు బాబూ. పసిది. తట్టుకోలేదు. నాతో పంపెయ్. కొత్తచోటు, కొత్త పిల్లలు, మెల్లమెల్లగా అదే మరిచిపోతుంది."

"మరవదు. అక్కడ మీ వాకిట్లో కూచుంటుంది."

"తట్టుకోలేదంటున్నాను కదా."

"ఇన్నాళ్ళూ తట్టుకుంటూనే ఉంది. ఒక్కతే తట్టుకుంటోంది."

అత్తగారి చెయ్యి అతని భుజం మీంచి జారింది.

దర్జీ కోటుని పక్కన పెట్టి, పాపని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎన్నో రాత్రులు మనసులో తిప్పుకున్న మెత్తని మాటలు కొన్ని అతని దగ్గరున్నాయి. దూరం వెళ్ళిందనీ, నిద్రపోయిందనీ. వాటిలో ఏది చెప్పినా చీమ మళ్ళీ ఎదురుచూస్తుంది. దూరం వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు, నిద్రపోయినవాళ్ళు లేస్తారు.

"తల్లీ, అమ్మ చనిపోయింది."

చీమ అతని మొహంలోకి చూసింది. "అంటే?"

"అమ్మకి చాలా పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు వాళ్ళకి చేతనైందంతా చేశారు. అయినా అమ్మ ఒళ్ళు పనిచెయ్యడం ఆగిపోయింది. ఊపిరి ఆగిపోయింది. ఇప్పుడు అమ్మకి నెప్పి లేదు, ఆకలి లేదు. కానీ ఇక రాదు. మనమీద ఇష్టం లేక కాదు. రావడం కుదరదు."

"మొన్న కిటికీ కింద పిట్టలాగానా? లేపితే లేవలేదు, అదా?"

"అవును. అలాగే."

చీమ నాన్న చొక్కా బొత్తాన్ని వేలితో అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. దర్జీ తొందరపెట్టలేదు. ఏడిస్తే ఏడవనిద్దామనుకున్నాడు. కానీ ఆమె ఏడవలేదు. అడిగింది.

"నేను అల్లరి చేసినందుకా?"

"కాదమ్మా. కానే కాదు. నువ్వేం చేసినా, చెయ్యకపోయినా అమ్మ జబ్బు అమ్మదే."

చీమ విన్నది. నమ్మలేదు. ఆ విషయంలో నాన్న మాట చెల్లదు. ఎవరి నోటినుంచి ఆ మాట వచ్చిందో వాళ్ళే కొట్టెయ్యాలి. ఒళ్ళోంచి దిగి వెళ్ళి అమ్మమ్మ ముందు నిలబడింది.

"కాదా అమ్మమ్మా?"

అత్తగారు గోడ పట్టుకుని, మోకాళ్ళు వంగనన్నా వినకుండా, మెల్లిగా నేలమీదికి దిగింది. స్కేలు పక్కన పెట్టింది. ఇప్పుడు పెద్దవాళ్ళిద్దరూ నేలమీదే ఉన్నారు.

"కాదే," అంది. "నీవల్ల కాదు. నువ్వు మంచిగా ఉంటే మీ అమ్మ వస్తుందన్నానే, అది అబద్ధం. నేను అబద్ధం చెప్పాను."

చీమ కాసేపు ఆ మొహాన్ని పరిశీలించింది. తర్వాత చూపు స్కేలు మీదికి మళ్ళింది.

"అబద్ధం చెప్తే దెబ్బ కదా అమ్మమ్మా."

దర్జీ కదలబోయాడు. అత్తగారు వద్దన్నట్టు తలాడించింది. చెయ్యి చాపింది. అరచెయ్యి ఆకాశానికి పెట్టి, కళ్ళు మూసుకుంది. ఇందాక మనవరాలు ఎలా చాపిందో అచ్చం అలాగే చాపింది. ఈ చాపడం వాళ్ళింట్లో ఎన్ని తరాలుగా ఉందోనని దర్జీకి అనిపించింది. అతని భార్య కూడా చిన్నప్పుడు ఇలాగే చాపి ఉంటుంది.

చీమ స్కేలు తీసుకుంది. దాన్ని తీసుకెళ్ళి బల్లమీద, అది ఉండవలసిన చోట, టేపు పక్కన పెట్టింది. బల్లమీది బొత్తాల పోగులో వెతికింది. చాలా వాటిని తీసి పక్కన పెట్టి, చివరికి ఒక ముత్యపు తెల్లబొత్తాం ఏరింది. వచ్చి దాన్ని అమ్మమ్మ అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది.

"నిజం చెప్పావుగా," అంది.

కూతురు పోయిన రోజున ఆ పెద్దావిడ ఏడవలేదు. అందరికీ నీళ్ళిచ్చింది, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది, అల్లుడిని కూర్చోబెట్టింది. గట్టిమనిషి అన్నారు అందరూ. ఆ గట్టిదనం ఇప్పుడు ఒక బొత్తాం బరువుకి విరిగిపోయింది. పిడికిలి గుండెకి ఆనించుకుని, తల వంచుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. చీమ మొదట భయపడింది. తర్వాత పక్కనే చతికిలబడి, అమ్మమ్మ చీర అంచులో మొహం దాచుకుని, తనూ ఏడుపు మొదలుపెట్టింది. అది వాకిట్లో ఏడ్చిన ఏడుపు కాదు. ఆ రోజు ఒక్కతే ఏడ్చింది.

దర్జీ వాళ్ళని ఏడవనిచ్చాడు. చేతులకి ఏదో ఒక పని ఉండాలి కనుక కోటు ఒళ్ళోకి తీసుకున్నాడు. మిగిలిన బొత్తాలు ఒకటొకటే కుట్టాడు. బొత్తాం బొత్తానికీ చీమ ఏడుస్తూనే వచ్చి దారం ఎక్కించి మళ్ళీ వెళ్ళి కూర్చుంది. ఇచ్చిన మాట ఇచ్చినట్టే.

చివరి బొత్తాం మిగిలింది. అతను సంచి వైపు చూశాడు. అది ఇంకా గోడవారే ఉంది. ఒప్పుకున్నమాట కూడా ఇంకా మాటగానే ఉంది.

"అత్తయ్యా," అన్నాడు. "దీన్ని నా దగ్గరే ఉండనివ్వండి."

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. పిడికిలి విప్పి, అందులోని తెల్లబొత్తాన్ని చూసుకుంది. నిజం చెప్పినందుకు ఇచ్చిన బహుమానం. అది ఆ చేతిలో ఇంకో నిజం కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

"అల్లుడూ, ఆసుపత్రిలో ఆఖరిరోజు నువ్వు మందులకని కిందికి వెళ్ళావే, గుర్తుందా?"

"ఉంది."

"అప్పుడు నా కూతురు కళ్ళు తెరిచింది. మాట్లాడింది."

దర్జీ చేతిలో సూది అలాగే ఉండిపోయింది. తను వచ్చేసరికి ఆమె కళ్ళు మూసే ఉన్నాయి. మళ్ళీ తెరవనే లేదని, ఒక్కమాట కూడా అనకుండా వెళ్ళిపోయిందని ఇన్నాళ్ళూ అతను దిగులుపడుతూనే ఉన్నాడు.

"చీమకి చెప్పమని ఒక మాట చెప్పింది," అంది అత్తగారు. "చెప్తే, అది పోయిందని నేనూ ఒప్పుకోవాలి. నాకు చేతకాలేదు. అందుకే దాచాను. అదొక్కటే కాదు." ఆవిడ సంచి వైపు చూడలేక చూపు తిప్పుకుంది. "చీమ ఎవరి దగ్గర పెరగాలో కూడా చెప్పింది."

చీమ చీర అంచులోంచి మొహం పైకెత్తింది.